మనోవ్యాధికి మందు ఉన్నది

పాఠ్యభాగ ఉద్దేశం

నేటి విద్యార్థి లోకంలో కుంగుబాటు తరచుగా వినిపిస్తున్న సమస్య. దానిని బలహీనతగా భావించి దాచుకొనేవారు కొందరు, మందుబిళ్ళ తప్ప మార్గం లేదని భయపడేవారు మరికొందరు. కుంగుబాటు ఒక వ్యాధి అని, దానికి మాత్రలతోపాటు మాత్రలు కాని చికిత్సలు కూడా ఉన్నాయని, ఏ చికిత్స ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ వైద్యుని ఆశ్రయించక తప్పదో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

‘మనోవ్యాధికి మందు లేదు’ అన్నది తెలుగునాట తరతరాలుగా వినిపిస్తున్న నానుడి. ఒంటికి గాయమైతే కట్టు కట్టవచ్చు, జ్వరం వస్తే కషాయం పట్టవచ్చు. మనసుకు తగిలిన దెబ్బకు ఎవరు మాత్రం ఏమి చేయగలరు? అన్న నిస్సహాయత ఈ మాటలో ధ్వనిస్తుంది. సామెతలు అనుభవసారాలే అయినా, అవి పుట్టిన కాలపు ఎరుకకు లోబడి ఉంటాయి. కుంగుబాటును వ్యాధిగా గుర్తించి చికిత్స చేసే విధానం ఆనాటి సామాన్యులకు తెలియదు. నేడు ఆ స్థితి మారింది. మనోవ్యాధికి మాత్రల రూపంలో మందు ఉన్నది. మాత్రలు కాని మందులు కూడా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి మూడు: మాట, పని, తోడు.

విషాదం వేరు, వ్యాధి వేరు

మనిషై పుట్టినవానికి దుఃఖం సహజం. ఆప్తులు దూరమైనప్పుడు, ఆశించినది అందనప్పుడు మనసు నొచ్చుకుంటుంది. కొన్ని రోజులు గడిచేసరికి ఆ బరువు క్రమంగా తగ్గుతుంది. ఇది విషాదం. వైద్యులు ‘డిప్రెషన్’ అని వ్యవహరించే కుంగుబాటు ఇటువంటిది కాదు. రోజులో అధిక భాగం, దాదాపు ప్రతిరోజూ, కనీసం రెండు వారాలపాటు మనసు దిగులుతో నిండి ఉండడం గాని, ఇదివరకు ఇష్టమైన పనులపై ఆసక్తి పూర్తిగా సన్నగిల్లడం గాని దీని ప్రధాన లక్షణం. దానితోపాటు ఆహారనిద్రలు తారుమారు కావడం, అకారణమైన అలసట, చదివినది తలకెక్కకపోవడం, తాను దేనికీ పనికిరాననే భావం, ప్రతిదానికీ తననే నిందించుకోవడం, మరణాన్ని గురించిన ఆలోచనలు కనిపిస్తాయి. మీ వయసువారిలో దిగులుకు బదులు చిరాకు, కోపం రూపంలో కూడా ఇది బయటపడుతుంది. అందువల్ల తల్లిదండ్రులు దీనిని పొగరుగా, ఉపాధ్యాయులు సోమరితనంగా పొరబడే ప్రమాదం ఉన్నది.

ఇది అరుదైన వ్యాధి కాదు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, మన దేశంలో సుమారు ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనవుతున్నారని తేల్చింది. అంటే ఎనభై మంది కూర్చున్న చోట నలుగురు అన్నమాట. రక్తహీనత, థైరాయిడ్ లోపం వంటి శారీరక రుగ్మతలు కూడా ఇటువంటి లక్షణాలనే కలిగిస్తాయి. కాబట్టి ఏ చికిత్సను ఎంచుకొన్నా, ముందుగా ఒకసారి వైద్యునితో పరీక్ష చేయించుకోవడం వివేకం.

మాత్రల స్థానం

కుంగుబాటుకు మాత్రలు 1950వ దశకంలో వెలుగులోకి వచ్చాయి. క్షయరోగులకు ఇచ్చిన ‘ఐప్రోనియాజిడ్’ అనే మందు వారిలో ఉత్సాహాన్ని కూడా పెంచుతున్నదని వైద్యులు గమనించారు. అదే దశకంలో స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్ ‘ఇమిప్రమిన్’ గుణాన్ని కనుగొన్నాడు. అప్పటి నుండి ఈ మందులు అసంఖ్యాకులకు తిరిగి జీవితాన్ని ప్రసాదించాయి. తీవ్రమైన కుంగుబాటులో వీటి అవసరాన్ని తోసిపుచ్చలేము.

అయితే ఇవి తలనొప్పి మాత్రల వలె వేసుకొన్న గంటకే పనిచేయవు. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. వైద్యుడు చెప్పకుండా హఠాత్తుగా మానివేయరాదు. చిన్న వయసువారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వీటిని మొదలుపెట్టిన తొలి రోజులలో కొందరికి ఆత్మహత్యాభావాలు పెరిగే అవకాశం ఉన్నదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2004లో బాలలు, కౌమారుల విషయంలోను, 2007లో 24 ఏళ్ళ వరకు గల యువత విషయంలోను హెచ్చరిక జారీ చేసింది. మందు వాడరాదని దీని అర్థం కాదు. వైద్యుని కనుసన్నలలో, ఇంటివారి కనిపెట్టుబడిలో వాడాలని అర్థం.

తీవ్రత తక్కువగా ఉన్న కుంగుబాటుకు, రోగి తానుగా కోరితే తప్ప, మాత్రలను తొలి చికిత్సగా అలవాటుగా ఇవ్వరాదని బ్రిటన్‌లోని ‘నైస్’ సంస్థ 2022లో వెలువరించిన మార్గదర్శకాలు సూచించాయి. సంభాషణ ద్వారా చేసే చికిత్సలు, బృందంగా చేసే వ్యాయామం మొదలైనవాటికి అవి ముందు స్థానం ఇచ్చాయి. మాత్రలు కాని మందులు వట్టి ఓదార్పులు కావని, పరీక్షకు నిలిచిన చికిత్సలని దీనివల్ల తెలుస్తున్నది.

మాట: ఆలోచనను ప్రశ్నించడం

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మనోవైద్యుడైన ఆరన్ బెక్ 1960వ దశకంలో ఒక ముఖ్యమైన విషయాన్ని గమనించాడు. కుంగిన మనిషి మనసులో కొన్ని ఆలోచనలు పిలవకుండానే వచ్చి వాలుతాయి. అవి తనను గురించి, లోకాన్ని గురించి, భవిష్యత్తును గురించి చీకటినే చూపిస్తాయి. రోగి వాటిని ఆలోచనలుగా కాక, సత్యాలుగా స్వీకరిస్తాడు. ఆ ఆలోచనలను పట్టుకొని, సాక్ష్యం అడిగి, సరిదిద్దుకోవడం నేర్పే చికిత్సను బెక్ రూపొందించాడు. దీనిని ‘కాగ్నిటివ్ థెరపీ’ అంటారు.

వసతిగృహంలో ఉండి బై.పి.సి. చదువుతున్న ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. పదవ తరగతి వరకు ఆమె తరగతిలో మొదటిది. ఇక్కడ మొదటి స్లిప్ టెస్టులో భౌతికశాస్త్రంలో మార్కులు తగ్గాయి. ‘నాకు ఫిజిక్స్ రాదు’ అనుకొన్నది. మరునాటికి అది ‘నాకు చదువే రాదు’ అయింది. వారం తిరిగేసరికి ‘నేను ఇంటివాళ్ళకు భారం’ అన్నంత వరకు పోయింది. ఒక పరీక్షకు, ఈ మూడవ వాక్యానికి మధ్య ఎంత దూరమున్నదో ఆమెకు కనిపించదు. చికిత్స చేసేవారు ఆమెను ఓదార్చరు, మందలించరు. కాగితం మీద ఆ ఆలోచనను వ్రాయమంటారు. దానికి అనుకూలమైన సాక్ష్యమేమి, ప్రతికూలమైన సాక్ష్యమేమి అని అడుగుతారు. ఇదే కష్టం స్నేహితురాలికి వస్తే ఆమెతో ఏమంటావని ప్రశ్నిస్తారు. స్నేహితురాలి పట్ల చూపే న్యాయం తన పట్ల తాను చూపడం లేదని ఆమె గ్రహించడమే చికిత్సలో తొలి మెట్టు.

ప్రాచీన సాహిత్యంలో ఇటువంటి మనఃస్థితికి చక్కని చిత్రణ వాల్మీకి రామాయణంలోని సుందరకాండలో ఉన్నది. సముద్రాన్ని దాటిన హనుమంతుడు లంకనంతటినీ గాలించినా సీత జాడ కనిపించలేదు. అంతటి ధీరుడూ కుంగిపోయాడు. తాను వట్టి చేతులతో వెళితే రాముడు బ్రతకడని, ఆ వెనుక లక్ష్మణుడు, భరతశత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు, చివరకు వానరజాతి యావత్తూ నశిస్తుందని అతని ఊహ ఒకదాని మీద ఒకటిగా అల్లుకొంటూ పోయింది. మరణమే మేలనుకొనేంత వరకు వచ్చింది. అక్కడ ఆగి, అతడు తన ఆలోచనను తానే తర్కించుకొన్నాడు. మరణంలో దోషాలెన్నో ఉన్నాయని, బ్రతికి ఉంటేనే శుభం చేకూరే అవకాశమున్నదని నిశ్చయించుకొన్నాడు. అప్పుడు అతని కంట పడింది, అంతవరకు తాను వెదకని అశోకవనం. సీతాన్వేషణ ఫలించింది అక్కడే. కుంగుబాటు చూపును ఇరుకు చేస్తుంది. వెదకని వనం ఒకటి మిగిలి ఉన్నదన్న సంగతిని కనపడనీయదు.

పని: ఉత్సాహం కోసం ఎదురుచూడకపోవడం

హనుమంతుడు లేచి అశోకవనం వైపు కదిలాడు. ఆలోచన మారడం సగం చికిత్స అయితే, ఆ కదలిక మిగిలిన సగం. ‘మనసు బాగుపడిన తరువాత పని మొదలుపెడతాను’ అని కుంగిన మనిషి అనుకొంటాడు. పని లేనందువల్ల మనసు ఇంకా కుంగుతుంది. మనసు కుంగినందువల్ల పని ఇంకా ఆగుతుంది. ఈ విషవలయాన్ని పని వైపు నుండి ఛేదించవచ్చు. చిన్న పనులను ముందే నిర్ణయించుకొని, ఇష్టం ఉన్నా లేకున్నా వేళకు చేయడం, చేసిన తరువాత మనసు ఎలా ఉన్నదో గుర్తు పెట్టుకోవడం ఇందులోని పద్ధతి.

ఈ పద్ధతికి మన దేశంలోనే గట్టి నిదర్శనం లభించింది. గోవాలో ‘సంగత్’ అనే స్వచ్ఛంద సంస్థ, మనోవైద్యుడు విక్రమ్ పటేల్ బృందంతో కలిసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన వారిలో ఒక మోస్తరు నుండి తీవ్రమైన కుంగుబాటు గల 495 మందిపై పరిశోధన జరిపింది. వారిలో కొందరికి మామూలు వైద్యానికి తోడుగా ఆరు నుండి ఎనిమిది సార్లు ముఖాముఖి సలహా అందించారు. సలహా ఇచ్చినవారు వైద్యులు కారు. శిక్షణ పొందిన స్థానికులు. మూడు నెలల తరువాత చూస్తే, సలహా పొందినవారిలో 64 శాతం మంది వ్యాధి నుండి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో అలా బయటపడినవారు 39 శాతం. ఈ ఫలితాలు 2017లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో అచ్చయ్యాయి.

పనులలో శరీరశ్రమకు ప్రత్యేక స్థానమున్నది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 50 ఏళ్ళు పైబడిన 156 మంది రోగులను మూడు బృందాలుగా చేసి, ఒక బృందానికి వ్యాయామం, ఒక బృందానికి మాత్ర, మరొక బృందానికి రెండూ ఇచ్చారు. 16 వారాల తరువాత మూడు బృందాలూ దాదాపు సమానంగా కోలుకొన్నాయని 1999లో ప్రకటించారు. మాత్ర తొలి వారాలలో త్వరగా పనిచేసినా, చివరకు వ్యాయామం దానిని అందుకొన్నది. వారు చేసిన వ్యాయామం వారానికి మూడుసార్లు మాత్రమే. ఆటల పీరియడును రద్దుచేసి అదనపు తరగతి పెట్టడం, స్టడీ అవర్ పేరుతో నిద్రవేళను కుదించడం మనసుకు ఎంత చేటు చేస్తాయో విద్యాసంస్థలు ఆలోచించవలసి ఉన్నది. వేళకు నిద్ర, వేళకు మేల్కొనడం కూడా చికిత్సలో భాగాలే. యోగధ్యానాలు కొందరికి ఉపకరిస్తాయి. ముఖ్యంగా ఒకసారి కోలుకొన్నవారికి వ్యాధి తిరగబెట్టకుండా ధ్యానంతో కూడిన శిక్షణ తోడ్పడుతుంది.

తోడు: వినే మనిషి

ఆఫ్రికా ఖండంలోని జింబాబ్వేలో మనోవైద్యులు అతి కొద్దిమంది. డిక్సన్ చిబాండా అనే వైద్యుడు 2006లో హరారే నగరంలోని ఎంబారే అనే పేదల వాడలో ఒక ప్రయోగం చేశాడు. పద్నాలుగురు అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్యకేంద్రం ఆవరణలో చెట్టు నీడన బల్ల వేయించాడు. దిగులుతో వచ్చినవారు ఆ బల్లమీద అవ్వ పక్కన కూర్చొని మనసు విప్పి చెప్పుకొంటారు. అవ్వ వింటుంది. ఉన్న కష్టాలలో ఒకదానిని ఎంచుకొని దానికి దారి వెదకడంలో సహాయపడుతుంది. ఆ ప్రాంతపు షోనా భాషలో కుంగుబాటును ‘కుఫుంగిసిస’ అంటారు. అతిగా ఆలోచించడం అని దాని అర్థం. 573 మందిపై జరిపిన పరిశోధనలో, ఆరు నెలల తరువాత, బల్లమీద కూర్చొన్నవారిలో వ్యాధి లక్షణాలు ఇతరులలో కంటే చాలా తక్కువగా కనిపించాయి. ఆ బల్లకు స్నేహపు బల్ల అని పేరు.

మన పల్లెలలో ఇంటి ముందరి అరుగు ఒకనాడు ఇటువంటి పనినే చేసేది. అరుగులు పోయినా, వినే మనిషి అవసరం పోలేదు. మీ స్నేహితుడు నలుగురిలో కలవక, మెస్‌కు రాక, మాట తగ్గించి ఉంటే, పక్కన కూర్చోండి. ‘నీకేం తక్కువ?’, ‘ధైర్యంగా ఉండు’, ‘ఇంతదానికేనా?’ వంటి మాటలు వద్దు. అవి వ్యాధిని తగ్గించవు. చెప్పుకొనే ధైర్యాన్ని మాత్రం తగ్గిస్తాయి. అవసరమైతే, ‘చనిపోవాలనిపిస్తున్నదా?’ అని సూటిగా అడగవచ్చు. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదని పరిశోధనలు తెలుపుతున్నాయి. అడిగినందువల్ల ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. అయితే ఆ రహస్యాన్ని మీలోనే దాచుకోవద్దు. నమ్మదగిన పెద్దలకు చెప్పడం ద్రోహం కాదు, రక్షణ.

ప్రత్యామ్నాయాలు కానివి

మాత్ర కానిదంతా మంచి చికిత్స అనుకోరాదు. మద్యం దిగులును మరపిస్తున్నట్లు తోచినా, మరునాటికి దానిని రెట్టింపు చేస్తుంది. మూలికలు ప్రకృతిసిద్ధమైనవి కాబట్టి హాని లేనివన్నది అపోహ. ‘సెయింట్ జాన్స్ వర్ట్’ అనే మూలిక స్వల్ప కుంగుబాటులో గుణం చూపినా, ఇతర మందులతో కలిసి ప్రమాదం తెచ్చిపెడుతుంది. పనిచేసే ప్రతిదీ మందే. మందైన ప్రతిదానినీ వైద్యుని ఎరుకలోనే వాడాలి. ఇక మానసిక రోగులను గొలుసులతో బంధించే మూఢాచారం ఎంతటి ఘోరానికి దారితీస్తుందో తమిళనాడులోని ఎర్వాడి నిరూపించింది. 2001 ఆగస్టు 6న అక్కడి ఒక ఆశ్రయగృహంలో నిప్పంటుకొన్నప్పుడు, సంకెళ్ళలో ఉన్న 28 మంది రోగులు తప్పించుకోలేక బలైపోయారు.

ఆలస్యం చేయరాని వేళ

నడక, మాట, తోడు తేలికపాటి నుండి మధ్యస్థమైన కుంగుబాటుకు ఎంతో మేలు చేస్తాయి. కాని, తిండి మానివేసి మంచం పట్టినా, లేని మాటలు వినిపిస్తున్నా, తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచన కలిగినా మనోవైద్యుని వద్దకు వెళ్ళడంలో ఒక్క రోజు కూడా ఆలస్యం తగదు. అప్పుడు మాత్రలు, మాట కలిసి నడవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ‘టెలీ మానస్’ సేవకు 14416 నంబరుపై రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోన్ చేయవచ్చు; తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి ఆదుకోవాలే తప్ప శిక్షించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్దేశిస్తున్నది. సహాయం కోరడానికి చట్టం అడ్డు కాదు.

విద్యార్థులారా! ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన మరునాడు పత్రికలు తెరవాలంటే తెలుగునాట ప్రతి ఉపాధ్యాయునికీ గుండె దడదడలాడుతుంది. తప్పిన పరీక్షకు సప్లిమెంటరీ ఉన్నది. పోయిన ప్రాణానికి లేదు. మనసు కుంగడం మీ తప్పు కాదు, జ్వరం రావడం ఎలా తప్పు కాదో అలాగే. దానిని దాచుకొనవలసిన పని లేదు. ఒక్కరితో చెప్పండి, ఒక్క చిన్న పని చేయండి, ఒక్క రోజు ఆగండి. మీరు ఇంకా వెదకని అశోకవనం ఒకటి తప్పక మిగిలి ఉంటుంది.

కఠిన పదాలకు అర్థాలు

నానుడి = సామెత, లోకంలో వాడుకలో ఉన్న మాట
ఎరుక = జ్ఞానం, తెలివిడి
సన్నగిల్లు = తగ్గిపోవు
రుగ్మత = జబ్బు
కౌమారులు = బాల్యం దాటి యౌవనంలో అడుగుపెడుతున్నవారు
కనుసన్నలలో = పర్యవేక్షణలో
విషవలయం = ఒక కీడు మరొక కీడును పెంచుతూ తిరిగే స్థితి
ఛేదించు = తెంచు
అపోహ = పొరపాటు భావన

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కుంగుబాటుకు మాత్రలు కాని చికిత్సలను పాఠం ఆధారంగా వివరించండి.
2. ‘మనోవ్యాధికి మందు లేదు’ అనే నానుడిని రచయిత ఎలా ఖండించారో తెలపండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. విషాదానికీ, కుంగుబాటుకూ గల భేదమేమి?
2. సుందరకాండలో హనుమంతుడు నిరాశను ఎలా జయించాడు?
3. గోవాలో జరిగిన పరిశోధన ఏమి నిరూపించింది?
4. కుంగిన స్నేహితునితో ఎలా మెలగాలి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘కుఫుంగిసిస’ అనే మాటకు అర్థమేమి?
2. ఇమిప్రమిన్ గుణాన్ని కనుగొన్న వైద్యుడెవరు?
3. ‘టెలీ మానస్’ ఫోన్ నంబరు ఎంత?
4. స్నేహపు బల్ల ఏ నగరంలో మొదలైంది?

ఈ) సంధులు
1. మనోవ్యాధి = మనః + వ్యాధి - విసర్గ సంధి
2. సీతాన్వేషణ = సీతా + అన్వేషణ - సవర్ణదీర్ఘ సంధి
3. తల్లిదండ్రులు = తల్లి + తండ్రి - గసడదవాదేశ సంధి

ఉ) సమాసాలు
1. ఆహారనిద్రలు = ఆహారమును, నిద్రయును - ద్వంద్వ సమాసం
2. రెండు వారాలు = రెండు సంఖ్య గల వారాలు - ద్విగు సమాసం
3. సీతాన్వేషణ = సీత యొక్క అన్వేషణ - షష్ఠీ తత్పురుష సమాసం

ఊ) భాషాకృత్యం
మీ కళాశాల గోడపత్రికకు, కుంగిన స్నేహితునికి ఎలా తోడుగా నిలవాలో తెలిపే పది వాక్యాల లేఖను వ్రాయండి.